కోబ్రా రెప్లికా: కిట్టా, రోలరా? ఏ తయారీదారుని నమ్మాలి?

వెండిరెక్క

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

కోబ్రా 427 (1960లలో ఫోర్డ్ ఇంజన్‌తో వచ్చిన స్పోర్ట్స్ కారు, 427 అంటే ఘనపు అంగుళాల్లో ఇంజన్ పరిమాణం) అంటే నాకు ప్రాణం. అసలు కార్లు అన్ని రకాలూ కలిపి దాదాపు వెయ్యి మాత్రమే తయారయ్యాయి కాబట్టి వాటి మీద ఆశ ఎప్పుడో వదిలేశాను. మంచి రెప్లికా, అంటే అదే రూపంలో కొత్తగా చేసిన కారు, ఒకటి దొరికితే చాలు. చదివి చదివి చివరికి మూడు పేర్ల దగ్గర ఆగాను: ఫ్యాక్టరీ ఫైవ్, సూపర్‌ఫార్మెన్స్, బ్యాక్‌డ్రాఫ్ట్. ఎవరి వెబ్‌సైట్ చూస్తే వాళ్లదే మంచిదనిపిస్తోంది. మూడు నెలల నుంచి ఇదే ఊగిసలాట.

నా పరిస్థితి ఇది. షెడ్డు ఉంది, శని ఆదివారాలు ఖాళీ. బ్రేకులు, క్లచ్ లాంటివి సొంతంగా చేసుకుంటాను. వైరింగ్, పెయింటింగ్ ఎప్పుడూ ముట్టుకోలేదు. ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. ఎవరి దగ్గర కొంటే పదేళ్ల తర్వాత కూడా బాధపడకుండా ఉంటాను?

గేరుమార్పు

స్వాగతం అండి. మీ మూడు పేర్లూ ఒకే సరుకు అమ్మే మూడు దుకాణాలు కావు. ముందు అది తేల్చుకుంటే సగం అయోమయం పోతుంది.

ఫ్యాక్టరీ ఫైవ్ 1995లో మొదలైంది, మసాచుసెట్స్‌లోని వేర్‌హామ్‌లో ఉంటుంది. వాళ్లిచ్చేది కిట్. ఛాసిస్, బాడీ, అల్యూమినియం రేకులు, స్టీరింగ్, బ్రేకులు, ఇలా పెట్టెలకు పెట్టెలు వస్తాయి. ఇంజన్, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్, చక్రాలు, టైర్లు, పెయింట్ మీరు చూసుకోవాలి. బిగింపు అంతా మీదే.

సూపర్‌ఫార్మెన్స్ కార్లు దక్షిణాఫ్రికాలో, పోర్ట్ ఎలిజబెత్‌లో తయారవుతాయి (ఆ ఊరి పేరు ఇప్పుడు గెబెర్హా). అది రోలర్. రంగు వేసి, సీట్లు బిగించి, వైరింగ్ పూర్తిచేసి, ఇంజన్, గేర్‌బాక్స్ లేకుండా వస్తుంది. బ్యాక్‌డ్రాఫ్ట్ అమ్మకం అమెరికాలోని ఫ్లోరిడా నుంచి, తయారీ మాత్రం దక్షిణాఫ్రికాలోనే. అదీ రోలరే. వాళ్లు చాలాకాలం వెనక సస్పెన్షన్‌కి బీఎండబ్ల్యూ భాగాలు వాడారు.

అంటే మీరు ఎంచుకోవాల్సింది ముందు తయారీదారుని కాదు. మీ చేతులతో ఎంత పని చేయాలనుకుంటున్నారో అది.

సుడిగాలి

గేరుమార్పు గారి మాటకి కొంచెం కలుపుతాను. నేను కిట్ కట్టాను. నాలుగేళ్లు పట్టింది. మొదటి ఏడాది ఛాసిస్ మీద రేకులు బిగించడమే సరిపోయింది. ప్రతి రేకుకీ కొలిచి రంధ్రాలు వేసుకోవాలి, అంచున సీలెంట్ రాయాలి, రివెట్లు కొట్టాలి. ఒక రాత్రి ఫుట్‌బాక్స్ (కాళ్లూ పెడళ్లూ ఉండే అర) రేకు బిగించేసి, పొద్దున్నే చూసుకుంటే పెడల్ బాక్స్ బోల్టు దాని వెనకాల ఉండిపోయింది. పదిహేడు రివెట్లు డ్రిల్ చేసి తీశాను. ఆ రోజు ఏడుపొచ్చింది. కానీ ఇవాళ ఆ కారులో ఎక్కడ చిన్న చప్పుడు వచ్చినా అది ఏ బోల్టో నాకు తెలుసు. రోలర్ కొన్నవాళ్లకి ఆ తృప్తి రాదు.

వైరింగ్ గురించి భయపడకండి. కిట్‌తో వచ్చే హార్నెస్‌లో (తీగల కట్టలో) ప్రతి తీగ మీదా అది ఎక్కడికి వెళ్లాలో రాసి ఉంటుంది. వైరింగ్ నాకు పది రోజుల్లో అయిపోయింది. బాడీ పని ఎనిమిది నెలలు తిన్నది.

స్పానర్ పద్నాలుగు

సుడిగాలి అక్కా, మీ ఓపికకి దండం. కానీ అందరికీ అది కుదరదు. నా దగ్గరికి సగం కట్టి వదిలేసిన కిట్లు అమ్ముతామంటూ ఎంతమంది వచ్చారో లెక్కలేదు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, బదిలీ అయింది, నడుం నొప్పి వచ్చింది. ఛాసిస్ మూల పడింది. కిట్ తయారీదారుని ఎంచుకునే ముందు వచ్చే మూడేళ్ల శని ఆదివారాలు నిజంగా మీవేనా అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి.

రేకుపని

నేను పాతికేళ్లుగా బాడీ పెయింటింగ్ చేస్తున్నాను. ఇంజన్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, నేను ఫైబర్‌గ్లాస్ గురించే చెప్తాను.

కొత్త కారు చూసి తయారీదారుని అంచనా వేయొద్దు. కొత్తగా రంగు వేసిన ఫైబర్ బాడీ ఎవరిదైనా అద్దంలానే ఉంటుంది. అదే తయారీదారుది ఎనిమిదేళ్లో పదేళ్లో ఎండలో తిరిగిన కారు వెతికి చూడండి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే వేళ వెళ్లండి. కారు వెనక మూల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తలుపు మీదుగా ముందు చక్రం వైపు చూపు సాగించండి. ఫైబర్ సరిగ్గా గట్టిపడకముందే రంగు వేసి ఉంటే, లోపలి అల్లిక గళ్లు బట్ట నేతలా పైకి కనిపిస్తాయి. తలుపు కీళ్ల చుట్టూ, బానెట్ మూలల్లో, డిక్కీ అంచున నక్షత్రంలా సన్నని పగుళ్లు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. అవి ఉంటే అక్కడ ఫైబర్ పలచగా వేశారనో, ఇనుప బిగింపు నేరుగా దాని మీదే లాగుతోందనో అర్థం.

కిట్ బాడీ అయితే అచ్చుల అతుకు గీతలు పైనే ఉంటాయి. వాటిని రుద్ది, పగుళ్లు రాని ఫిల్లర్‌తో నింపి, మళ్లీ రుద్దాలి. మా దగ్గరికి వచ్చే కిట్ బాడీలను రంగుకు ముందు కొన్ని వారాలు ఎండలో ఉంచమని చెప్తాం. ముడుచుకునేదేదో రంగుకు ముందే ముడుచుకోవాలి. దీనికి ఆగలేని పెయింటర్‌కి కారు ఇవ్వకండి.

వెండిరెక్క

రేకుపని గారూ, ఈ విషయం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ధన్యవాదాలు. పాత కార్లు చూపించమని అడిగితే తయారీదారులు ఒప్పుకుంటారా?

రేకుపని

మంచి తయారీదారు సంతోషంగా ఒకరిద్దరు యజమానుల నంబర్లు ఇస్తాడు. మాట దాటేస్తే మీకు కావలసిన జవాబు వచ్చేసినట్టే. యజమానుల క్లబ్బుల్లో అడిగితే ఇంకా మంచిది.

పాతచక్రం

ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను. నాది చేదు అనుభవం. మీలో ఒక్కరైనా దీని వల్ల జాగ్రత్తపడితే చాలు.

కొన్నేళ్ల క్రితం ఒక చిన్న సంస్థకి స్పీడ్‌స్టర్ (పాత పోర్షా 356 ఓపెన్ కారు) రెప్లికా ఆర్డర్ ఇచ్చాను. మంచి మనిషి, మంచి పనితనం, షెడ్డులో నాలుగు కార్లు సగం పనిలో ఉన్నాయి. సగం డబ్బు ముందే కట్టమన్నాడు, కట్టాను. ఆరు నెలలన్నాడు. ఏడాది దాటింది. ఫోన్ ఎత్తడం తగ్గింది. ఒకరోజు వెళ్తే తలుపుకి తాళం. తర్వాత తెలిసింది, కొత్తగా వచ్చిన అడ్వాన్సులతో పాత ఆర్డర్లు పూర్తిచేస్తూ నెట్టుకొచ్చాడట. ఆ లైన్‌లో చివర నిలబడినవాణ్ణి నేనే. నా డబ్బు రాలేదు, కారు రాలేదు. చివరికి చేతికి వచ్చింది ఒక విండ్‌షీల్డ్ ఫ్రేము మాత్రమే.

అప్పట్నుంచి ఎవరడిగినా ఒకటే చెప్తున్నాను. డబ్బు దశలవారీగా కట్టండి. ప్రతి దశకీ మీ ఛాసిస్ నంబరు, ఆ నంబరు కనిపించే ఫోటో అడగండి. ఆ దశ వరకూ తయారైన భాగాలు మీ సొత్తు అని కాగితం మీద రాయించుకోండి. రాయనంటే వచ్చేయండి.

స్పానర్ పద్నాలుగు

అయ్యో, చదువుతుంటేనే బాధగా ఉంది. ఇప్పుడైనా కారు ఉందా మీ దగ్గర?

పాతచక్రం

ఉంది తమ్ముడూ. ఒకరు వాడిన స్పీడ్‌స్టర్ రెప్లికా కొన్నాను. తయారైన కారు, కళ్లెదుట నడుస్తున్న కారు. రోజూ పొద్దున్న తీస్తాను.

స్పీడ్‌స్టర్ ఆలోచన ఉన్నవాళ్ల కోసం రెండు ముక్కలు. పోర్షా 356 రెప్లికాలు ఎక్కువ శాతం ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ అడుగుభాగం మీద కడతారు. బీటిల్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2,400 మిల్లీమీటర్లు, 356ది 2,100. అందుకని మధ్యలో 300 మిల్లీమీటర్లు కోసి మళ్లీ వెల్డింగ్ చేస్తారు. కారు కింద పడుకుని చూడాల్సింది ఆ అతుకునే. పాత బీటిల్ అడుగు తుప్పుపట్టి ఉంటే పైన ఎంత అందమైన బాడీ వేసినా లాభం లేదు. ఇంటర్‌మెకానికా లాంటివాళ్లు బీటిల్ అడుగు మానేసి సొంతంగా గొట్టాల ఛాసిస్ చేశారు. తయారీదారుల మధ్య అసలు తేడా అలాంటి చోట ఉంటుంది, రంగుల జాబితాలో కాదు.

నీలిపొగ

బ్రిటన్ తయారీదారుల గురించి ఎవరూ మాట్లాడలేదు. అక్కడ ఏకే, డాక్స్, గార్డ్‌నర్ డగ్లస్ లాంటివి కోబ్రా ఆకారాన్ని ఏళ్ల తరబడి చేశాయి. ఏకే కార్లకు చాలాకాలం జాగ్వార్ ఎక్స్‌జే భాగాలే ఆధారం. గార్డ్‌నర్ డగ్లస్ మాత్రం నిచ్చెన లాంటి ఛాసిస్ వదిలి నడిమధ్య వెన్నెముకలా సాగే ఛాసిస్ ఎంచుకుంది. పైన బొమ్మ ఒకటే, కింద వేర్వేరు ఆలోచనలు. నాకు రెప్లికాల మీద ఇంత ఇష్టం పెరిగింది ఇందుకే.

చట్టం సంగతి కూడా మరవకండి. బ్రిటన్‌లో ఇలాంటి కారు రోడ్డెక్కాలంటే ఐవీఏ (ఒక్కో కారునీ విడిగా తనిఖీ చేసి ఆమోదించే) పరీక్ష పాసవ్వాలి. బయటికి పొడుచుకొచ్చే అంచులు కనీసం 2.5 మిల్లీమీటర్ల గుండ్రంతో ఉండాలంటారు. అద్దం కొమ్ము, పెట్రోల్ మూత, బానెట్ పిడి, అన్నీ కొలుస్తారు. అమెరికాలో 2015 నాటి ఫాస్ట్ చట్టం చిన్న తయారీదారులకు ఏడాదికి 325 రెప్లికాల వరకూ పూర్తి కారుగా అమ్ముకునే దారి తెరిచింది. ఆ కారు కనీసం 25 ఏళ్ల కిందటి మోడల్‌ని పోలి ఉండాలి. మీరున్న చోట ఏది చెల్లుతుందో అడ్వాన్స్ కట్టకముందే రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడగండి. "ఏం ఫరవాలేదు, అందరూ చేయించుకుంటున్నారు" అని అమ్మేవాడు చెప్పే మాట కాగితం కాదు.

గేరుమార్పు

నీలిపొగ గారు ఛాసిస్ ఎత్తారు కాబట్టి వెనక సస్పెన్షన్ సంగతి కూడా చెప్పేస్తాను. అసలు కోబ్రాకి తల్లి 1953లో వచ్చిన ఏసీ ఏస్. దానికి నాలుగు చక్రాలకీ ఇండిపెండెంట్ (ఒక్కో చక్రం విడిగా కదిలే) సస్పెన్షనే, అడ్డంగా వేసిన లీఫ్ స్ప్రింగులతో. కారల్ షెల్బీ దానిలో ఫోర్డ్ వీ8 పెట్టించి 1962లో బయటికి తెచ్చినప్పుడూ అదే ఏర్పాటు. 427 ఇంజన్ బరువూ బలమూ ఆ ఛాసిస్ తట్టుకోలేకపోయాక 1965లో కాయిల్ స్ప్రింగులు వచ్చాయి, ఛాసిస్ ప్రధాన గొట్టాలు 3 అంగుళాల నుంచి 4 అంగుళాలకి లావయ్యాయి.

కాబట్టి వెనక సాలిడ్ యాక్సిల్ ఉన్న రెప్లికా చూడ్డానికి కోబ్రానే గానీ, గతుకుల మలుపులో నడక వేరుగా ఉంటుంది. ఒక చక్రం గుంతలో పడితే రెండో చక్రానికీ తెలుస్తుంది. సూపర్‌ఫార్మెన్స్, బ్యాక్‌డ్రాఫ్ట్ రెండూ ఇండిపెండెంట్. ఫ్యాక్టరీ ఫైవ్‌లో రెండూ దొరుకుతాయి, ఆర్డర్ ఇచ్చేటప్పుడే తేల్చుకోవాలి.

సుడిగాలి

నాది సాలిడ్ యాక్సిలే. తిన్నని రోడ్డు మీద తేడా తెలియదు. కానీ మళ్లీ కడితే ఇండిపెండెంట్ తీసుకుంటాను, అది ఒప్పుకోవాలి.

రాగిగొట్టం

నాకు ఈ మూడూ కాకుండా ఇంకో దారి నచ్చుతుంది. అసలు కారుకి దగ్గరగా ఉండాలంటే ఈఆర్ఏ, కిర్కమ్ చూడండి. ఈఆర్ఏ కనెక్టికట్‌లోని న్యూ బ్రిటన్‌లో ఏళ్ల తరబడి కొద్దికొద్ది కార్లే చేస్తూ వచ్చింది. వాళ్ల కారు పక్కన నిలబడితే మడ్‌గార్డ్ వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్లు చేశారని తెలిసిపోతుంది. కిర్కమ్ ఉటాలోని ప్రోవోది. బాడీ ఫైబర్ కాదు, అల్యూమినియం. పోలండ్‌లో మిగ్ యుద్ధ విమానాలు చేసిన ఫ్యాక్టరీలో ఆ బాడీలు కొట్టించారు. గోరుతో తట్టి చూస్తే ఆ సన్నని మోతకే గుండె కరుగుతుంది.

రేకుపని

నిజమే. కానీ అల్యూమినియానికి సొట్ట పడితే తీయగలిగే చేతులు ఇప్పుడు తక్కువ. కొనేముందు ఆ చేయి ఎక్కడుందో చూసుకోవాలి.

నలభై అంగుళాలు

ఆరడుగుల రెండంగుళాలు అన్నారు కదా, ఎవరూ దాని గురించి మాట్లాడలేదే! నా ఇష్టం ఫోర్డ్ రేసు కారు జీటీ40. నేల నుంచి పైకప్పు దాకా 40 అంగుళాలే కాబట్టి ఆ పేరు. డాన్ గర్నీ పొడగరి, హెల్మెట్ పట్టక ఆయన కారు తలుపు పైన ప్రత్యేకంగా ఒక బుడగ పెట్టాల్సి వచ్చింది. అంత గొప్ప డ్రైవర్‌కే తప్పలేదు.

కోబ్రాకి పైకప్పు లేదు కదా అని ధీమాగా ఉండొద్దు. ఇబ్బంది కాళ్ల దగ్గర. ఇంజన్ వెనక్కి జరిగి ఉంటుంది కాబట్టి ఫుట్‌బాక్స్ ఇరుకు, పెడళ్లు కొంచెం పక్కకి ఉంటాయి. పెద్ద బూట్లతో బ్రేక్ తొక్కితే క్లచ్ కూడా తగులుతుంది. ఎగ్జాస్ట్ గొట్టాలు ఆ గోడ పక్కనుంచే పోతాయి కాబట్టి వేసవిలో అరికాళ్లు కాలతాయి. దిగేటప్పుడు సైడ్ పైపుకి పిక్క తగిలితే మచ్చ. కోబ్రా వాళ్లు దాన్ని పాము కాటు అంటారు, నాకూ ఒకటి ఉంది. మీ మూడు కార్లలోనూ మీరు నడిపే బూట్లతోనే కూర్చుని గంటసేపు ఉండి చూడండి. వెబ్‌సైట్ కొలతలతో పని జరగదు.

స్పానర్ పద్నాలుగు

ఇంజన్ సంగతి కూడా ఒకసారి ఆలోచించండి అన్నా. 427 అనగానే అందరూ పెద్ద ఇంజనే కావాలంటారు. అసలు వీధి కార్లలోనే చాలావాటికి 428 ఇంజన్ వేసి పంపారు! ఆ ఇనుప ఇంజన్ ముక్కు మీద బరువు, ఫుట్‌బాక్స్‌లో వేడి. చిన్న 302 అయినా, ఫోర్డ్ కొత్త ఇంజన్ కొయోటీ 5.0 అయినా ఇంత తేలికైన కారుకి చాలా ఎక్కువ. అయితే కొయోటీ వెడల్పు ఎక్కువ. అది పట్టే ఫుట్‌బాక్స్ కొలత తయారీదారుని ముందే అడగండి.

వెండిరెక్క

మూడు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. మీరు చెప్పినట్టే చేశాను. కొత్త కార్లు చూడటం మానేసి, మూడు రకాలవీ పాత కార్లు వెతికి యజమానులతో మాట్లాడాను.

ఒక రోలర్ తొమ్మిదేళ్లది. సాయంత్రం ఎండలో రేకుపని గారు చెప్పినట్టు మోకాళ్ల మీద కూర్చుని చూశాను. గళ్లు లేవు. డిక్కీ అంచున ఒక్క సన్నని పగులు ఉంది, యజమాని తనే వేలు పెట్టి చూపించాడు. ఇంకో రోలర్‌లో నా మోకాలు స్టీరింగ్‌కి తగిలింది, సీటు వెనక్కి జరిపినా పావంగుళం కూడా మిగల్లేదు. అది అక్కడితో జాబితాలోంచి పోయింది.

కిట్ కట్టుకున్న ఒకాయన ఇంటికి కూడా వెళ్లాను. ఫుట్‌బాక్స్‌ని బయటి వైపుకి ఒకటిన్నర అంగుళం పెంచుకున్నాడు. తను కట్టుకున్నది కాబట్టి పెంచుకోగలిగాడు. నా బూట్లతో కూర్చుని మూడు పెడళ్లూ విడివిడిగా తొక్కాను. ఆయన బానెట్ ఎత్తి ఒక్కో బోల్టూ చూపిస్తుంటే సుడిగాలి గారి మాటే గుర్తొచ్చింది. ఇంటికి వచ్చి అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. మూడేళ్ల శని ఆదివారాలు నావేనని మా ఆవిడ మాటిచ్చింది, ఒక్క షరతుతో: రివెట్ గన్ తనకి కూడా ఇవ్వాలి.

ఫ్యాక్టరీ ఫైవ్ కిట్‌కే వెళ్తున్నాను. ఇండిపెండెంట్ వెనక సస్పెన్షన్, 302 ఇంజన్. బాడీ పని, పెయింట్ నేను చేయను, బయటికి ఇస్తాను. డబ్బు కట్టేముందు రిజిస్ట్రేషన్‌కి ఏమేం కావాలో రాతపూర్వకంగా తెచ్చుకున్నాను.

సుడిగాలి

చాలా సంతోషంగా ఉంది! పెట్టెలు వచ్చాక మొదటి వారం ఏదీ బిగించకండి. జాబితా పట్టుకుని ఒక్కో ముక్కా లెక్కపెట్టండి. తక్కువ వచ్చినవి అప్పుడే రాస్తే త్వరగా పంపుతారు.

పాతచక్రం

ఛాసిస్ నంబరు ఫోటో మరిచిపోకండి.

వెండిరెక్క

మరిచిపోను పాతచక్రం గారూ. డబ్బు రసీదుతో పాటే అడిగాను, నిన్న వచ్చింది. ప్రింట్ తీసి షెడ్డు గోడకి అతికించాను.

నలభై అంగుళాలు

ఫుట్‌బాక్స్ లోపల వేడి ఆపే పొర వేసేటప్పుడు ఇక్కడ ఫోటో పెట్టండి. రేకు మూసేముందే పెట్టండి, ఏదైనా మిగిలిపోతే మేం చూసి చెప్తాం.